మా అగ్గిపెట్టె కారు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా ఇంటికి ఎవరు వచ్చినా, కాఫీ గ్లాసు చేతికి అందకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమండీ, మీ కారుకి అన్ని అద్దాలూ తెల్లగా వున్నాయి, ముందు ఎడమవైపు అద్దం ఒక్కటీ ఆకుపచ్చగా వుందేం?" అని. "ఎదురింటి పిల్లల క్రికెట్ బంతి తగిలిందండీ" అని చెప్పి మాట మార్చేస్తూ వుంటాను. అది నిజం కాదు. నిజం ఏమిటో చివర్లో చెబుతాను. ముందు ఆ కారుతో నేను పడే తక్కిన బాధలు కాస్త చెప్పుకోనివ్వండి. మీలో చాలామంది వాకిట్లోనూ ఇలాంటి చిన్నకారే వుంటుంది కనుక, "మా ఇంట్లోనూ ఇదే వరస" అనుకుంటూ వింటారని నా ధైర్యం.

ఏ కంపెనీ కారు అని మాత్రం అడగకండి. పిల్లల అల్లరి నలుగురిలో చెప్పుకునేటప్పుడు పేరుపెట్టి చెప్పం కదా! 2009లో కొన్నాం. ఇంజను నిండా 800 సి.సి. లేదు. చక్రాలు చూడబోతే పన్నెండంగుళాలు. కొన్న రోజున హారతిపళ్ళెం పట్టుకుని వీధిలోకి వచ్చిన మా అత్తగారు దాన్ని చూసి, "కారు తెస్తానని అగ్గిపెట్టె తెచ్చావేమిట్రా!" అన్నారు మావారితో. ఆ పేరే దానికి స్థిరపడిపోయింది.

అగ్గిపెట్టె అయితేనేం, ఈ చిన్నకార్లు మన ఆడవాళ్ళకి చేసిన ఉపకారం తక్కువది కాదు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ గారు మొట్టమొదటి మారుతి 800 తాళాలు కొన్నవారి చేతికి ఇచ్చారు. అప్పటి ధర సుమారు 50 వేల రూపాయలు. అంతకుముందు మధ్యతరగతి సంసారికి కారంటే అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. తీరా వచ్చాక ఆ బరువైన స్టీరింగు తిప్పడానికి మగవాళ్ళ భుజాలే నొప్పిపెట్టేవి. చిన్నకారు వచ్చాకనే కూరలకీ, పిల్లల బడికీ మనమే బండి తీసుకుని వెళ్ళడం మామూలయింది. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయేసరికి మన దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అదే ఏడాది మే నెలలో అంబాసిడరు తయారీ కూడా ఆగిపోయింది. పెద్దదీ చిన్నదీ ఒకే ఏడాది సెలవు తీసుకున్నాయి. తేలికైన బండి కనుకనే నలభై ఏడో ఏట నేను కూడా స్టీరింగు పట్టగలిగాను.

సరే, ఇక బాధల చిట్టా విప్పుతాను.

మొదటిది ఎండ. మాది విశాఖపట్నం. సముద్రపు గాలి వుంటుంది కదా అనుకుంటారు గాని, మే నెల మధ్యాహ్నం బయట నిలిపిన కారు తలుపు తీస్తే ఇడ్లీపాత్ర మూత తీసినట్టే వుంటుంది. స్టీరింగు ముట్టుకుంటే పెనం, సీటుబెల్టు ఇనుపముక్క తగిలితే చెయ్యి చురుక్కుమంటుంది. దీనికి కారణం మన కళ్ళ ఎదుటే వుంది. అద్దాల్లోంచి ఎండ సులువుగా లోపలికి వస్తుంది. లోపల వేడెక్కిన సీట్లు విడిచే వేడి మాత్రం అంత సులువుగా బయటికి పోదు. ఎక్కగానే ఏ.సి. మీట నొక్కి కూర్చుంటే ఆ వేడిగాలినే చల్లబరచలేక అది ఆపసోపాలు పడుతుంది. ఎదురెదురు తలుపులు రెండూ తీసి ఒక్క నిమిషం ఆగండి. కిటికీలు దింపుకునే నాలుగడుగులు నడిపి, ఆ తరువాత ఏ.సి. వేసుకోండి. స్టీరింగు మీద ఒక పాత తువ్వాలు కప్పి వెళ్ళడం మరిచిపోకండి.

రెండోది కొండ. ఏ.సి. యంత్రాన్ని తిప్పేది కూడా ఆ ఇంజనే. ఒక బెల్టు వేసి తిప్పుతుంది. చదును రోడ్డు మీద తెలియదు గాని, సింహాచలం కొండ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అయిదుగురం కూర్చుని, ఏ.సి. వేసుకుని సగం దూరం వెళ్ళేసరికి మా అగ్గిపెట్టె మూలగడం మొదలుపెడుతుంది. ఏ.సి. ఆపి, రెండో గేరుకి దిగితే మళ్ళీ కదులుతుంది. ఆ మలుపు దగ్గర ప్రతిసారీ మా అత్తగారు "అప్పన్నా, నీదే భారం" అనేవారు. బండి ఎక్కినదాకా దేవుడి పని, ఎక్కాక నా పని బాగుందని మావారు మెచ్చుకునేవారు.

మూడోది వానాకాలంలో అద్దం మీద కమ్మే పొగ. దీన్ని గుడ్డతో తుడిచీ తుడిచీ చేతులు పడిపోయిన వాళ్ళలో నేనొకతెను. ఒక రోజు మా మెకానిక్ అబ్బాయి చెప్పాడు, "అమ్మా, ముందు వేలితో గీసి చూడండి, పొగ లోపలుందో బయటుందో" అని. గీసినప్పుడు లోపలే చెదిరితే అది మన ఊపిరిలోని తేమ. చల్లని అద్దానికి తగిలి నీరవుతోందన్నమాట. ఏ.సి. వేసి గాలి అద్దం మీదికి తిప్పితే ఆ తేమను అది లాగేస్తుంది. వేలు గీసినా చెదరలేదంటే పొగ బయట వుంది. లోపల ఏ.సి. ఎక్కువై అద్దం చల్లబడి, బయటి ఉక్కగాలి దాని మీద నీరవుతోంది. అప్పుడు వైపరు ఒకసారి తిప్పి, ఏ.సి. కాస్త తగ్గించాలి. మజ్జిగలో ఉప్పు తక్కువో నీళ్ళు ఎక్కువో రుచి చూసి తెలుసుకున్నట్టే ఇదీను.

నాలుగోది వేపచెట్టు. చెట్టు నీడలో బండి పెట్టుకునే భాగ్యం వున్నవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. ముందు అద్దం కింద, వైపర్లు వుండేచోట ఒక కాలవలాంటిది వుంటుంది. వాననీరు దానిలోంచి పక్క రంధ్రాల గుండా కిందికి పోవాలి. వేపాకులు రాలి ఆ రంధ్రాలు పూడిపోతే నీరు నిలిచి, దారి చేసుకుని లోపలికి వస్తుంది. కాళ్ళ కింద చాప తడిసి, కారంతా నానిన గోనెసంచి వాసన. తలుపుల అడుగున కూడా చిన్నచిన్న రంధ్రాలుంటాయి. కిటికీ అద్దం పక్కనుంచి దిగిన నీరు వాటిలోంచే పోవాలి. అవీ మట్టితో పూడిపోతే తలుపు తీసినప్పుడల్లా బిందె మోసినట్టు గళగళమంటుంది. వానలకు ముందు ఒక చీపురుపుల్లతో ఈ రంధ్రాలన్నీ పొడిచి శుభ్రం చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మా ఊళ్ళో మరో శత్రువు ఉప్పుగాలి. సముద్రం ఒడ్డుకి వెళ్ళివచ్చినప్పుడల్లా పైన కడగడం కాదు, అడుగుభాగానికి మంచినీళ్ళు కొట్టాలి. తుప్పు ఎప్పుడూ కనబడని చోటే మొదలవుతుంది.

ఆ వేపచెట్టే 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను నాడు, సగానికి విరిగి మా అగ్గిపెట్టె మీద పడింది. పైకప్పు సొట్టపోయింది, ముందు అద్దం సాలెగూడులా చిట్లింది గాని ఊడిపడలేదు. ముందు అద్దం రెండు అద్దాల మధ్య పలచని పొర పెట్టి అతికించినది కనుక అలా పట్టుకుని వుంటుందట. పక్క అద్దాల తయారీ వేరు, పగిలితే పటికబెల్లంలా పొడిపొడిగా రాలిపోతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అయిదోది ఎలకలు. ఒక చలికాలం ఉదయం బండి స్టార్టు చేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బానెట్ ఎత్తి చూస్తే వైర్లు మురుకుల్లా కొరికి పెట్టి వున్నాయి! రాత్రిపూట ఇంజను వెచ్చగా వుంటుంది కనుక ఎలకలు అక్కడ కాపురం పెడతాయి. కలరా వుండలు వేశాను. ఆ వాసనకి మాకు తలనొప్పి వచ్చింది గాని ఎలకలకి ఏమీ రాలేదు. చివరికి తేలిందేమిటంటే, పిలిచింది నేనే. పిచ్చుకలకని రోజూ కారు పక్కనే గుప్పెడు నూకలు చల్లేదాన్ని. వరిపిండి ముగ్గు కూడా అక్కడే. నూకలు పెరటివైపుకి మార్చి, వారానికి రెండుసార్లు బానెట్ ఎత్తి చూడడం మొదలుపెట్టాక ఆ కాపురం ఖాళీ అయింది.

ఆరోది బ్యాటరీ. చిన్నకారుకి చిన్న బ్యాటరీ. పెద్దలైట్లు ఆర్పడం మరిచి నాలుగు గంటలు పేరంటంలో కూర్చుంటే పూర్తిగా నీరసించిపోతుంది. లోపలి చిన్నదీపం అయితే రెండు మూడు రోజులు తీసుకుంటుంది. తలుపు సరిగ్గా పడక ఆ దీపం వెలుగుతూ వుంటే పగటివేళ మనకి కనబడదు కూడా. ఇంకొక సంగతి, రోజూ రైతుబజారు దాకా, గుడి దాకా మాత్రమే నడిపే బండికి బ్యాటరీ నిండదు. స్టార్టు చేయడానికి ఖర్చయినది తిరిగి చేరేలోగానే మనం ఆపేస్తాం. వారానికొకసారి అరగంట పాటు తిప్పిరావాలి. మావారితో చిన్న షికారుకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఏడోది చుట్టాలు. "చిన్నకారే కదా, సర్దుకుందాంలే" అన్నమాట వినగానే నాకు గుండె గుభేలుమంటుంది. పెళ్ళికి పట్టుచీరలతో ఏడుగురు ఎక్కి, పమిటచెంగు తలుపులో ఇరికించుకుని, పిల్లవాణ్ణి ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. సీటుబెల్టు పెట్టుకోమంటే చీర నలిగిపోతుందంటారు. బెల్టు లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను కింద వెయ్యి రూపాయలు జరిమానా. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోయినా అంతే. జరిమానా మాట అటుంచండి, గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్ళో బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు. అందుకని "బెల్టులు ఎన్నో మనుషులు అంతమందే" అని మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను. మిగిలిన వాళ్ళకి ఆటో డబ్బులు నేనే ఇస్తాను.

ఆ ఏడుగురితో వెళ్ళిన రోజునే గాజువాక దారిలో టైరు పంచరయింది. డిక్కీలోని సామానంతా రోడ్డున పెట్టి స్టెప్నీ బయటికి తీస్తే, అందులో చుక్క గాలి లేదు! ఏడాదిగా ఎవరూ చూడలేదు. అన్నట్టు, ఈ స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా? ఇంగ్లండు పక్కన వేల్స్‌లో లనెల్లి అనే ఊరుంది. ఆ ఊళ్ళో స్టెప్నీ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు నూట ఇరవై ఏళ్ళ కిందట విడిచక్రం అమ్మకం మొదలుపెట్టారు. ఆ వీధి పేరే మన పంచరుషాపు దాకా వచ్చి నిలిచింది. పేరు అంత దూరం వచ్చింది గాని, గాలి మాత్రం మనమే కొట్టించుకోవాలి. పదిహేను రోజులకోసారి, బండి ఎక్కువ దూరం తిరగకముందే, టైర్లు చల్లగా వున్నప్పుడు గాలి చూపించండి, అయిదో చక్రంతో సహా.

ఇక 2024లో అసలు పరీక్ష వచ్చింది. కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకే. గడువు తీరబోయే ముందు 60 రోజుల్లో ఫారం 25 పెట్టుకుంటే, రవాణాశాఖ వారు బండిని పరీక్షించి బాగుంటే మరో అయిదేళ్ళు ఇస్తారు. ఇదివరకు 600 వున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5000 అయింది. హరిత పన్ను వేరే. బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోను చేసి, "అమ్మా, ఇంకా ఎందుకే ఆ డొక్కు? తుక్కుకి ఇచ్చెయ్" అన్నాడు. తుక్కు కేంద్రానికి అప్పగిస్తే వాళ్ళిచ్చే కాగితం కొత్త బండి పన్నులో రాయితీకి పనికొస్తుంది కూడాను.

నాకు కోపం వచ్చింది గాని, ప్రేమ వేరు, క్షేమం వేరు. మా మెకానిక్ అబ్బాయిని పిలిచి, "బాబూ, మొహమాటపడకుండా చూసి చెప్పు" అన్నాను. చాపలన్నీ ఎత్తేశాడు. అడుగు రేకు గుచ్చి చూశాడు, బ్రేకులు విప్పాడు. "తుప్పు పైపైనే వుందమ్మా, బలం వుండాల్సిన చోట పట్టలేదు. ఊళ్ళో నడపండి, హైవే మీదకి మాత్రం వద్దు" అన్నాడు. ఆ మాట న్యాయమైనదే. ఇప్పటి కార్లలో ప్రమాదమప్పుడు ఉబ్బి కాపాడే గాలిసంచులుంటాయి, మా అగ్గిపెట్టెలో లేవు. అందుకని దూరప్రయాణాలకి రైలు, ఊళ్ళో పనులకి అగ్గిపెట్టె అని నియమం పెట్టుకున్నాం. మరో అయిదేళ్ళు, 2029 దాకా కాగితం చేతికి వచ్చింది. అడుగు రేకు తుప్పుపట్టి వుంటే మాత్రం పసుపు కుంకుమ పెట్టి పంపించేసేదాన్నే.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ అద్దం సంగతి.

2018 మే నెల. మా అమ్మాయి కొడుకు, మూడేళ్ళవాడు, సెలవులకి వచ్చి వున్నాడు. వాణ్ణి వెంటబెట్టుకుని రైతుబజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చి, వాణ్ణి వెనకసీట్లో బెల్టుపెట్టి కూర్చోబెట్టాను. దారిలో వాడు తలుపు తీయకుండా, ఎప్పటిలాగే నాలుగు తలుపుల పిన్నులూ కిందికి నొక్కాను. చేతిసంచి ముందు సీటు మీద పెట్టాను. మర్చిపోయిన కొత్తిమీరకట్ట కోసం ఒక్క అడుగు వెనక్కి వేస్తూ, అలవాటుగా హ్యాండిలు ఎత్తిపట్టుకుని తలుపు వేసేశాను. అలా వేస్తే తాళంచెవి లేకుండానే తాళం పడుతుంది. నిమిషం ఆదా అవుతుందని నేను గొప్పగా చెప్పుకునే పద్ధతి అది. తాళంచెవి లోపల సంచిలో వుంది, ఫోను లోపల వుంది, బిడ్డ లోపల వున్నాడు.

ముందు నవ్వు వచ్చింది. "పిన్ను పైకి లాగు నాన్నా" అని సైగ చేశాను. బెల్టులో వున్నవాడికి అందలేదు. వాడూ నవ్వాడు. ఆ తరువాత ఏడవడం మొదలుపెట్టాడు. మొహం కందగడ్డలా అయింది. పక్కవాళ్ళ ఫోను అడిగి మావారికి చేశాను. మరో తాళంచెవి బీరువాలో వుంది, తీసుకుని ఆటోలో రావడానికి ఇరవై నిమిషాలు. నేను "ఆగుదాం" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎందుకాగుదామన్నానో తెలుసా? అద్దం పగిలితే మావారేమంటారో అని! అప్పుడు కూరలమ్మే ఒకావిడ నన్ను భుజం పట్టుకుని పక్కకి లాగి, "అద్దం పోతే అద్దం వత్తాది తల్లీ, పిల్లోడు పోతే వత్తాడా?" అంది. ఒక ఆటో అబ్బాయి తన ఇనుపరాడ్డు తెచ్చి, పిల్లవాడికి దూరంగా వుండే ముందు ఎడమ తలుపు అద్దం మూలన ఒక్క దెబ్బ వేశాడు. పొడిపొడిగా రాలిపోయింది. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు. వాడి చొక్కా పిండితే నీళ్ళు కారేలా వుంది.

నీడలోకి తీసుకువెళ్ళి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, గుక్కగుక్కగా నీళ్ళు తాగించాం. కాసేపటికి తేరుకుని కొబ్బరిబొండాం అడిగాడు. వాడు గాని మగతగా వున్నా, వాంతి చేసుకున్నా 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాల్సిందేనని డాక్టరుగారు తరువాత చెప్పారు. ఎండలో మూసిన కారులో పదినిమిషాలకే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుందనీ, పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే మూడు నుంచి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుందనీ, కిటికీ కొంచెం దించి వుంచినా పెద్దగా లాభం లేదనీ కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

ఆ రాత్రే మా అమ్మాయికి ఫోను చేసి అంతా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మా, వాడి గొంతు వినిపించు" అంది. అంతే. తిట్టి వుంటే నాకు తేలికగా వుండేది. ఊళ్ళోవాళ్ళకి మాత్రం క్రికెట్ బంతి కథ చెప్పాను. ఎదురింటి పిల్లల మీద నింద వేసి నా పరువు కాపాడుకున్నాను. ఈ రోజు ఆ పిల్లలకి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కొత్త అద్దానికి పదిరోజులు పడుతుందన్నారు. పాతసామాన్ల దుకాణంలో ఈ ఆకుపచ్చది దొరికింది. పైకి ఎక్కించేటప్పుడు కీచుమంటుంది, రెండంగుళాలు ఎక్కకుండా ఆగిపోతుంది. వాన వస్తే ఆ సందులోంచి నా ఎడమచేతి మీద జల్లు పడుతుంది. మార్చేద్దామని మావారు ఎన్నిసార్లో అన్నారు. వద్దన్నాను. ఆ కీచుశబ్దం వినబడ్డప్పుడల్లా నా చెయ్యి దానంతట అదే తాళంచెవి కోసం తడుముకుంటుంది. ఇప్పుడు తాళంచెవి చేతిలో లేకుండా ఏ తలుపూ వేయను. రెండో తాళంచెవి బీరువాలో కాదు, పక్కింటి పిన్నిగారి దగ్గర వుంటుంది. పిల్లలు లోపలుంటే "ఒక్క అడుగు" కూడా వెనక్కి వేయను. కొత్తిమీర లేకపోతే చారు కాగకపోదు.

చిన్నకారు చిన్నచిన్న బాధలు పెడుతూనే వుంటుంది. నవ్వుకునేవి నవ్వుకుందాం, చీపురుపుల్లతో పోయేవి చీపురుపుల్లతో పోగొట్టుకుందాం. సిగ్గుపడి దాచుకున్న బాధ ఒక్కటి వుంటే, అది మాత్రం నలుగురికీ చెప్పేద్దాం. ఎక్కడో ఒక బిడ్డకి అది పనికొస్తుంది.